సెకండాఫ్‌లో నవ్వులు

“సూసినావా మావా? సెకండాఫ్ మనోలకి ఎక్కీసింది,” అన్నాడు ధర్మేంద్ర.

ఊరొదిలిపోయిన కుర్రాడు తిరిగొచ్చి జూట్ మిల్లు కార్మికుల మధ్య తంటాలు పడే కామెడీ సినిమా అది. తీసింది ధర్మేంద్రే. విడుదలైన చోటల్లా పోయింది. సొంతూరైనా నవ్వితే చాలనుకుని, నెల్లిమర్ల మిల్లువాళ్లను విజయనగరం థియేటర్‌కి తీసుకొచ్చాడు. ఇంటర్వెల్ దాకా ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు వెనక వరసలన్నీ నవ్వుతున్నాయి.

“ఎక్కకేటవుతాదిరా? మన కతే కదేటి,” అన్నాడు పక్క సీట్లోని నరసింగరావు మావ.

జనాన్ని చూద్దామని ధర్మేంద్ర తల తిప్పబోయాడు. మావ చెయ్యి పైకి లేచింది. రెండు వేళ్లతో తన భుజాన్నే తట్టుకున్నాడు. వెనకాల గొల్లుమన్నారు.

మగ్గాల హోరులో మాట వినబడదు. అందుకని మిల్లులో సైగలతోనే మాట్లాడుకుంటారు. ధర్మేంద్ర అమ్మానాన్నలు ఇంట్లోనూ అలాగే మాట్లాడుకునేవారు. భుజం మీద రెండు వేళ్లు తట్టారంటే, మేస్త్రి వస్తున్నాడు, పని చేస్తున్నట్టు కనబడండి అని.

అతను పూర్తిగా వెనక్కి తిరిగాడు. ఒక్కరూ తెర చూడటంలేదు. అందరూ తనవైపే చూస్తూ నవ్వుతున్నారు.

బయటికి పోదామని లేచాడు. అటూ ఇటూ మోకాళ్లు అడ్డం. వెనక సీట్లోంచి రాజకుమారి అత్త చొక్కా పట్టి లాగింది.

“ఎక్కడికిరా? నువ్వే ఎల్లిపోతే మేమెవులి కోసం నవ్వాల? కూకో.”

కూర్చున్నాడు. తెర మీద కార్మికుడొకడు నూనెలో కాలేసి జారిపడ్డాడు. అందరితోపాటు ధర్మేంద్ర కూడా నవ్వాడు.