ఎక్కనివారి లెక్క

రతన్‌పూర్ నుంచి వచ్చిన ఉదయపు బస్సు, తలుపులకు మనుషులను వేలాడదీసుకొని బిలాస్‌పూర్ స్టేషను వైపు సాగిపోయింది.

“అరవై ఇద్దరు,” అంటూ బస్టాపులో నిలబడ్డ జగన్నాథం పుస్తకంలో రాసుకున్నాడు.

రైల్వేలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఆరేళ్లు తలలు లెక్కపెట్టినవాడు. ఈ దారికి రెండింతల మందిని మోసే పొడవాటి బస్సులు కావాలని ప్రయాణికుల సంఘం రవాణా శాఖ పై ఆఫీసుకు పంపబోయే పథకం ఆయన చేతి మీదుగానే తయారవుతోంది.

పక్కనే కళ్లద్దాల స్త్రీ ఒకతె కాగితం మీద గీతలు గీస్తోంది.

“ఏటమ్మా, బస్సు పోయాక ఏటి రాస్తున్నావు?”

“ఎక్కలేకపోయినవాళ్లనండి. ఇరవై ఏడుగురు.”

సంఘం కార్యదర్శి స్వాతి తొంగిచూసింది. “అచ్ఛా! అంకుల్, ఇది మనకి తట్టనే లేదు!”

జగన్నాథం కళ్లలో నిప్పులు పోసినట్లయింది.

“వీళ్లే తరవాతి బస్సెక్కుతారు కదా? ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెడితే అది శాస్త్రమేటి?”

“ఎక్కినవాళ్లని లెక్కలోంచి కొట్టేస్తానండి. నిన్న మూడు బస్సులు చూసి తొమ్మిదిమంది ఇంటికి మళ్లిపోయారు.”

సమాధానం సరైనదే. అదే ఆయనకు మింగుడుపడలేదు.

వారం తిరిగేసరికి బస్టాపంతా ఆమె చుట్టూ చేరింది.

“ప్రసూన మేడం, నిన్నటి లెక్కెంత?”

జగన్నాథాన్ని అడిగే నాథుడే లేడు.

రాయ్‌పూర్‌లోని ఏ కంపెనీయో పంపిన ఇంజనీరు అయివుంటుందనీ, తన పథకాన్ని తన్నుకుపోవడానికే వచ్చిందనీ ఆయన తీర్మానించుకున్నాడు. లెక్క ముగించి ఆమె మూడో బస్సెక్కితే, ఆఫీసుకు నివేదిక ఇవ్వడానికే పోతోందనుకున్నాడు. సాక్ష్యం లేనిదే దేనినీ నమ్మని మనిషి, దీన్ని మాత్రం విచారించకుండానే నమ్మాడు. అడిగితే తాను ఒక మెట్టు దిగినట్లవుతుంది మరి!

పన్నెండో రోజున ఆమె కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టింది.

“మీ పథకంలో కలపండి బాబుగారూ. పెద్ద బస్సు వస్తే అదే చాలు.”

“ఆవిడ పేరు కూడా వేద్దాం అంకుల్,” అంది స్వాతి.

ఆ ఒక్క మాట చాలింది. పథకం పై ఆఫీసుకు వెళ్లింది. ఆమె కాగితాలు దయాల్‌బంద్‌లోని ఆయన ఇంట్లో, బీరువాలోనే ఉండిపోయాయి.

నెల తరువాత జవాబు వచ్చింది.

‘మీ లెక్క ప్రకారం ఒక్కొక్క బస్సులో అరవై ఇద్దరు ఎక్కుతున్నారు. ఎక్కలేనివారు ఉన్నట్లు ఆధారమేదీ లేదు. పెద్ద బస్సులు అనవసరం.’

స్వాతి ఉత్తరం మడిచింది. “మేడం కాగితాలు జతచేశారు కదా అంకుల్?”

జగన్నాథం తల తిప్పుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆ కాగితాలు పట్టుకొని బస్టాపుకు పరుగెత్తాడు. ఆమె రాలేదు. ఒక బస్సు పోయింది. రెండోదీ పోయింది. మూడో బస్సు కండక్టరు రాజేంద్రను ఆపాడు.

“ఒరే, ఆ కళ్లద్దాల ఇంజనీరమ్మ ఏ కంపెనీ మనిషిరా? ఎక్కడుంటాదో ఎరుగుదువా?”

“ఇంజనీరేటి బాబయ్యా! స్టేషను కాడ మెస్సులో రొట్టెలు చేసేది. మా బస్సుల్లో చోటు దొరక్క రోజూ ఆలస్యమైపోతోందని మొన్నే పనిలోంచి తీసేశారు.”