పొదలో బాతు

“నానమ్మా, ఇవాళ నోరు విప్పావంటే ఇంటికి నడిచి రావాల్సిందే,” అంది మనవరాలు, పక్షుల్ని చాటుగా చూసే చెక్కగది కిటికీలోంచి మడుగుని చూస్తూ.

సెలవుల్లో ఇదే ఆఖరి పూట. పక్షుల కోసం కాపాడుతున్న ఈ మడుగుకి రావడం మూడోసారి. అడవిబాతు పిల్లల్ని వెంటేసుకుని ఈదడం చూడాలని మనవరాలి పంతం. రెండు రోజులూ బాతు పొద దాటలేదు. నేరం నా నోటిదేనని తేల్చేసింది మనవరాలు. మా ఆయనా బతికినన్నాళ్ళూ అదే తేల్చాడు.

రుమాలు నోట్లో కుక్కుకుని గంటసేపు కూర్చున్నాను. బాతు తల బయటపెట్టి, మళ్ళీ లోపలికి పోయింది. మనవరాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మడుగు కాపలాదారు నా పక్కన వంగాడు. “పెద్దమ్మా, కాస్త మాట్లాడండి. ఈ రెండు రోజులూ మీ గొంతు వింటూనే గుడ్లు పొదిగింది. పొద్దున పిల్లలొచ్చాయి. ఇప్పుడు చడీచప్పుడూ లేకపోయేసరికి, ఎవరో పొంచి ఉన్నారని బెదురుతోంది.”

రుమాలు తీశాను. తీరా అడిగేసరికి ఒక్క మాటా తోచలేదు!

“నీ పెళ్ళిబట్టలు మేక నమిలేసిన కథ చెప్పు,” అంది మనవరాలు.

“నిన్న రెండుసార్లు చెప్పాను కదే?”

“మళ్ళీ చెప్పు. మొదట్నుంచీ.”

కథలో మేక ఇంకా ఇంట్లోకి రానే లేదు, పొద కదిలింది. ఏడు పిల్లలతో బాతు నీళ్ళలోకి దిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

“ఆపకు నానమ్మా,” అంది మనవరాలు, నా చెయ్యి పట్టుకుని.