వేరు కంచం

మిషను సూది వేలిలో దిగినా దర్జీ తొక్కుతూనే ఉన్నాడు. పక్కన కాజాలు కుడుతున్న తల్లి, తెల్ల చొక్కా మీద ఎర్ర మరక చూసి గొల్లుమంటేగానీ అతనికి తెలియలేదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది. "కాలేయంలో వైరస్ ఉంది. నిన్నా మొన్నటిది కాదు, ఏళ్ల నాటిది. దానివల్లే నరాలు దెబ్బతిని స్పర్శ పోయింది. కాపురంలో అంటి ఉండొచ్చు, పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు. ఇంట్లో అందరూ రక్తపరీక్ష చేయించుకోండి."

తల్లి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. కాపురంలో! ఇంకేముంది, కొంప మునిగింది. ఆ కంగారులో ఇల్లు చేరేసరికి ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఏమో.

ఆ పూటే కోడలికి కంచం వేరైంది, గ్లాసు వేరైంది.

"కంచాలతో అంటదని డాక్టరమ్మ చెప్పిందిగా అమ్మా," అన్నాడు కొడుకు.

"నోర్ముయ్! పెళ్లాం కొంగు పట్టుకునే ఇంతదాకా తెచ్చుకున్నావు."

కోడలు మర్నాడే వెళ్లి రక్తం ఇచ్చి వచ్చింది. "రేపు చెబుతారట. మీరూ ఒకసారి చూపించుకోండి అత్తయ్యా."

"నాకేం రోగమే? గుండ్రాయిలా ఉన్నాను!"

ఆ రాయి గుండెలో మాత్రం ఒకటే దడ. కొడుకు వేళ్లు పోయాయి. రేపు చంటి మనవరాలికీ అంటుకుంటే? ఆ రేపటిదాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. కొడుకు మందులకు వెళ్లిన అదను చూసి, కోడలి సంచి తెచ్చి గుమ్మం దగ్గర విసిరింది. బట్టలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"మీ అమ్మ దగ్గరికి పో. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఈ ఇంట్లో కాలు పెట్టావు, నా కొడుకు చేతులు పడిపోయాయి. ఆఖరికి పొద్దుట నా కాజాల సూది కూడా కనబడకుండా చేశావు!"

"పాలు తాగే పిల్లను వదిలి ఎలా పోను అత్తయ్యా?"

"డబ్బా పాలు లేవూ?"

కోడలు మోకాళ్ల మీద కూర్చుని బట్టలు ఏరుకోసాగింది. అత్త కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కాళ్లు పట్టుకుంటే కరిగిపోతాననుకున్నావా?"

"అది కాదత్తయ్యా... పొద్దుట పోయిన మీ సూది, మీ మడమలోనే ఉంది."