ఉడుత దూకిన దూరం

వేరుశనగ చేను గట్టున కానుగచెట్టు మీద ఒక ఉడుత ఉండేది. పంట చేతికొచ్చే రోజుల్లో పొద్దస్తమానం గింజలు తిని బాగా లావెక్కింది. ఒకనాడు పక్కనున్న వేపచెట్టు మీదికి దూకబోయి దబ్బున కిందపడింది. భయపడి, సన్నబడే ఉపాయం చెప్పమని ఇరుగుపొరుగును అడిగింది. అడవిపిల్లి వస్తే తప్పించుకునే దారి ఆ దూకడమొక్కటే మరి!

"మంచుచుక్కలు తప్ప ఏమీ ముట్టకు. నాలా సన్నబడతావు!" అంది అదే చెట్టు మీదుండే ఊసరవెల్లి.

ఉడుత సంబరంగా ఒప్పుకుంది. కొద్దిరోజులకే నడుము సన్నబడింది.

"చూశావా పిట్టత్తా!" అంటూ చెట్టు తొర్రలో ఉండే వడ్రంగిపిట్ట ముందు గిర్రున తిరిగి, కళ్లు బైర్లుకమ్మి కూలబడింది. ఆ సాయంత్రం ఆకలికి ఆగలేక చేనులో పడి మెడదాకా తినేసింది. ఆపైన రోజూ అదే పని. కొద్దిరోజుల్లోనే లావెక్కి మళ్లీ మొదటికొచ్చింది.

"ఇక నావల్ల కాదత్తా!" అని ఏడ్చింది.

"ఆకలి తీరగానే ఆపెయ్. గింజలొక్కటే కాదు, చిగుళ్లూ పండ్లూ కూడా తిను. రోజూ కొమ్మలెక్కి దిగు. తొందరపడకు," అంది వడ్రంగిపిట్ట.

ఉడుత అలాగే చేసింది. చలికాలం వెళ్లి మోదుగులు పూశాయి. ఒక మధ్యాహ్నం అడవిపిల్లి చప్పుడు కాకుండా చెట్టెక్కింది.

"దూకవే, దూకు!" పిట్ట కేకపెట్టింది.

ఉడుత దూకింది! వేపకొమ్మ కాళ్లకు దొరికింది!

"అత్తా, అందిందే! అందింది!"

పిల్లి అంత దూరం దూకలేక కానుగకొమ్మ మీదే నిలబడిపోయింది. ఉడుత మాత్రం ఆగలేదు. ఆ సంబరంలో వేప మీంచి ఆవలి చింతచెట్టు మీదికి కూడా దూకేసింది.