రెండు కెమెరాల పెళ్లి

“మా నాయన ఇందులో యాడా లేడన్నా. ఉండేట్టు చేయాల,” అన్నాడు శ్రీనివాసులు, రెండు క్యాసెట్లు బల్ల మీద పెడుతూ.

నగర్తపేటలో మేడ మీద ఒక్క గది రాజగోపాల్‌ది. ఇరవై ఏళ్లు పెళ్లి వీడియోలు తీశాడు. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకొని కంప్యూటర్లో ఎడిటింగ్ మాత్రం చేస్తున్నాడు.

కొత్త క్యాసెట్ శ్రీనివాసులు చెల్లెలు పల్లవి పెళ్లిది. నెల కిందట, 2004 మే నెలలో జరిగింది. పాతది మూడేళ్ల కిందట జరిగిన శ్రీనివాసులు పెళ్లిది. రెండూ కె.ఆర్.పురంలో ఒకే కల్యాణ మంటపంలో చేశారు. పాతదాంట్లో తండ్రి పిల్లప్ప ఎక్కడ చూసినా కనిపిస్తాడు. గుమ్మంలో చేతులు జోడిస్తూ, పీటల మీద కూర్చుంటూ, అక్షింతలు చల్లుతూ, పంక్తిలో ‘ఇంకొంచెం వేయించుకో అప్పా’ అని బతిమాలుతూ. కొత్తదాంట్లో ఆయన లేడు. కన్యాదానం చిన్నాయన చేశాడు.

“పెండ్లికి ఆయన లేకపోయె,” అన్నాడు శ్రీనివాసులు తల వంచుకొని. “ఆ లోటు ఎవురికీ కనపడకూడదు.”

రాజగోపాల్ ఇంకేమీ అడగలేదు. తన పెళ్లికి ఆరు నెలల ముందే తన తండ్రి పోయాడు. ఆ పెళ్లి ఆల్బమ్ రాజగోపాల్ ఎప్పుడూ తెరవడు.

“మొదట్లో మీ నాయన ఫొటోకి దండేసి చూపిద్దామా? అందరూ అట్లే చేయించుకుంటారు.”

“వద్దన్నా,” అన్నాడు శ్రీనివాసులు వెంటనే. “దండలూ గిండలూ వద్దు. ఆయన ఆ పొద్దు ఆడ ఉన్నట్టే ఉండాల. మూలన తేదీ కూడా మొత్తం ఒకటే పడాల.”

పని మొదలుపెట్టాక తెలిసింది ఎంత కష్టమో. పాత కెమెరా బొమ్మంతా పసుపు. ఎర్రచీరల రంగు అంచులు దాటి పక్కవాళ్ల మీదికి పాకింది. కొత్తది డిజిటల్ కెమెరా. ట్యూబులైట్ల కింద అంతా నీలిగా, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. పక్కపక్కన పెడితే పసిపిల్లవాడు కూడా వేరు వేరు రోజులని చెప్పేస్తాడు.

రాజగోపాల్ పిల్లప్ప పంచెతో మొదలుపెట్టాడు. తెలుపు కుదిరితే మిగతా రంగులు దాని వెంట వస్తాయి. పసుపు తగ్గించాడు. కొత్త బొమ్మలో నీలం తీసి, దాని పదును కాస్త చెరిపాడు. పంచె తెల్లబడింది గానీ పిల్లప్ప ముఖం పాలిపోయి శవంలా అయింది. మళ్లీ మొదటికి వచ్చి, ఒక్కో బొమ్మకూ విడివిడిగా ముఖంలో కాస్త ఎరుపు ఎక్కించాడు. అప్పుడు ప్రాణం వచ్చింది.

కన్యాదానం దగ్గర రెండు రోజులు పట్టింది. చిన్నాయన ముఖం తీసేసి చేతులు మాత్రం ఉంచాడు. మధ్యలో పీటల మీద కూర్చున్న పిల్లప్ప ముఖం పెట్టాడు. పాతదాంట్లో కోడలిని చూసి నవ్విన నవ్వు, ఇక్కడ కూతుర్ని చూసి నవ్వినట్టు అమరింది. పైన నాదస్వరం ఒకటే సాగేలా పరిచాడు.

మధ్యలో ఒకసారి శ్రీనివాసులు చూసి వెళ్లడానికి వచ్చాడు.

“మీ నాయన మంచి కళగల మనిషప్పా. ఏం చేస్తా ఉండె?”

“చెరువు కింద తోట. అదే ఆయన లోకం. మా పక్కంతా అపార్ట్‌మెంట్లు లేచినా ఆయన మాత్రం అమ్మనని మొండికేసె.” శ్రీనివాసులు తెరకు దగ్గరగా వంగాడు. “ఈడ గోడ కొంచెం వేరేగా ఉండాది కదన్నా?”

“అంత ఎవురు చూస్తారప్పా?”

“చదువుకున్నోళ్లు చూస్తారు.”

రాజగోపాల్ ఆ గోడ కూడా సరిచేశాడు.

పదకొండో రోజు మొత్తం వేసి చూపించాడు. గంటంబావు సేపు శ్రీనివాసులు కదల్లేదు. అయిపోయాక రాజగోపాల్ రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అతుకు యాడుందో నాకే తెలీలేదన్నా.”

రాజగోపాల్ డబ్బు తీసుకోలేదు. “తండ్రి లేని పెండ్లి ఎట్లుంటుందో నాకు తెలుసప్పా. మీ చెల్లెలికి నేనిచ్చిన కానుక అనుకో,” అన్నాడు. ఆ రాత్రి భార్యతో, ఇన్నేళ్లలో ఒక్క మంచి పని చేశానని చెప్పుకున్నాడు.

వారం తర్వాత శ్రీనివాసులు పల్లవిని వెంటబెట్టుకొని ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. రాజగోపాల్ చేసిన పెళ్లి సీడీ ఇచ్చాడు. పెద్ద వయసు డాక్టరు, నిదానస్తుడు. గదిలో టీవీ పెట్టించి ఓపికగా చూశాడు. కన్యాదానం దగ్గర ఆపించి, వెనక్కి తిప్పించి, ఇంకోసారి చూశాడు.

“ఇది నీ పెళ్లేనా అమ్మా?”

“ఔను సార్,” అంది పల్లవి.

“ఈయన మీ నాన్నేనా?”

“మా నాయనే.”

“ఆ రోజు నీ పక్కనే ఉన్నాడా?”

పల్లవి అన్న వైపు చూసింది. తర్వాత టీవీ వైపు చూసింది.

“కనపడతానే ఉండాడు కదా సార్.”

డాక్టరు టీవీ కట్టేసి, గోడవారగా బల్ల మీద కూర్చున్న పిల్లప్ప వైపు తిరిగి, “మరి ఆ రోజు నిన్ను ఇంట్లో గదిలో పెట్టి తాళమేశారని అందరికీ ఎందుకు చెబుతున్నావు పెద్దాయనా?” అని జాలిగా అడిగి, తోట అమ్మకం కోసం కొడుకు తెచ్చిన కాగితం మీద ‘మతి స్థిమితం లేదు’ అని రాసి సంతకం చేశాడు.