వడ్రంగిపిట్ట పేజీ

మధ్యాహ్నం రెండు దాటిందంటే చాలు, కంప్యూటరుకు పూనకం వచ్చేస్తోంది.

తెర మీది బాణం గుర్తు తనంతట తానే పరుగులు తీస్తుంది. ఒక వరుస చెరపబోతే పక్కనున్న మూడు వరుసల్ని కూడా పట్టుకుపోతుంది.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. సోమవారానికల్లా పుస్తకం పంపకపోతే ఇక వెయ్యలేమని ప్రచురణకర్త ఖరాఖండిగా చెప్పేశాడు.

అది నాన్న పుస్తకం. ఇంటి చుట్టూ వాలే పిట్టల గురించి ముప్పై ఏళ్లు రాసుకుని, అచ్చులో చూసుకోకుండానే పోయాడు.

కంప్యూటరు ఒక్కటే అయితే సరిపోయేది. పిట్టల గురించి రాశాడు కదా, నాన్న రాత కూడా కోడి కెలికినట్టే ఉంటుంది. "నా రాత నాకూ, ప్రెస్సులో అక్షరాలు పేర్చే నా మిత్రుడికీ తప్ప లోకంలో ఎవరికీ అర్థం కాదు" అని నవ్వేవాడు. ఆ మిత్రుణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. ఎలాగైనా వెతికిపెట్టమని బాబాయిని బతిమాలి రెండు నెలలైంది, ఆచూకీ దొరకలేదు.

అందుకే చదవగలిగినంత పేజీకొక తెల్లకాగితం మీద రాసుకుని, అర్థంకాని మాటల చోట గీతలు గీసుకుంటోంది. ఏ పేజీ చూసినా గీతలే.

బెల్లు మోగింది.

తలుపు తీస్తే గుమ్మంలో ఒక పెద్దాయన. లావుపాటి కళ్లద్దాలు, భుజాన పాత సంచి.

"వచ్చారా! పొద్దుటినించీ మీకోసమే చూస్తున్నా. రండి, రండి."

ఆయన ముఖం విప్పారింది. "నా కోసమేనా అమ్మా?"

"ఇంకెవరి కోసం? ఇదిగో, ఇలా కూర్చోండి." కంప్యూటరు ముందుకు కుర్చీ లాగింది. "చూడండి దీని వేషాలు!"

"నాకు వీటి సంగతి తెలీదమ్మా. నేను వచ్చింది..."

"ముందు చూడండి. మాటలు తర్వాత." ఈ కంప్యూటరు షాపువాళ్లు ఎవర్ని పడితే వాళ్లని పంపించేస్తారు కాబోలని లోపల విసుక్కుంది.

ఆయన కంప్యూటరును ముట్టుకోలేదు. కిటికీ వంక చూశాడు, బల్ల వంక చూశాడు.

"పొద్దున బాగానే ఉంటుందా?"

"ఉంటుంది. ఈ వేళకే గొడవ."

"అద్దం బల్ల."

"బల్ల బాగానే ఉందండీ. కంప్యూటరు చూడండి!"

ఆయన లేచి కిటికీకి తెర లాగాడు. పాత పేపరు మడిచి మౌస్ కింద పెట్టాడు.

బాణం గుర్తు బుద్ధిగా నిలబడిపోయింది.

"ఎండ అద్దంలోంచి దీని కడుపులోకి పోతోందమ్మా. కంప్యూటర్ల సంగతి తెలీదు గానీ వెలుతురు సంగతి తెలుసు. ఏళ్ల తరబడి కిటికీ పక్కనే కూర్చుని పనిచేసినవాణ్ణి."

ఆమెకు సంతోషమూ కలిగింది, ఒక తెర గుడ్డ ముందు ఓడిపోయినందుకు ఉక్రోషమూ కలిగింది. ఏదో అనబోతుంటే వంటింట్లోంచి పాలు పొంగిన వాసన. పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి ఆయన ఒక చేత్తో నాన్న పేజీని కంటికి అంగుళం దూరంలో పట్టుకుని ఉన్నాడు. రెండో చేతిలో పెన్సిలు. పైగా నవ్వుతున్నాడు.

"ఏం చేస్తున్నారు? ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?"

"ఇది చదువుతుంటే నవ్వొచ్చిందమ్మా..."

"నవ్వా? అవి పోయిన మా నాన్న రాసుకున్నవి!"

"తెలుసమ్మా, నేను..."

"తెలిసి కూడానా! మీ పని అయిపోయిందిగా, ఇక వెళ్లండి."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. పేజీని ఉన్నచోటే పెట్టి, పెన్సిలు దాని పక్కన ఆనించాడు. సంచి భుజాన వేసుకున్నాడు.

గుమ్మం దాటాక, "ఆ తెర తియ్యకండమ్మా" అన్నాడు.

ఆయన మెట్లు దిగకముందే ఆమె తలుపు వేసేసింది.

పొంగిన పాలు కడిగి వంటిల్లు సర్దుకునేసరికి గంటయింది. మళ్లీ బెల్లు.

"కంప్యూటరు షాపు నించండీ. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి."

"మీ మనిషి వచ్చి బాగుచేసి వెళ్లాడుగా?"

"మా మనిషా? మా షాపుకు మెకానిక్కునీ, ఓనర్నీ అంతా నేనేనండీ!"

ఆమె అతన్ని గుమ్మంలోనే వదిలేసి బల్ల దగ్గరికి వచ్చింది.

ఆ పేజీ తాలూకు తెల్లకాగితం మీద తను గీసిన గీతలన్నీ నిండిపోయి ఉన్నాయి. అచ్చు గుద్దినట్టు గుండ్రటి అక్షరాలు.

'మా అమ్మాయి వడ్రంగిపిట్ట. ముందు పొడుస్తుంది, తర్వాత చూస్తుంది. అయినా అది లేని ఇల్లు నాకు...'

ఆ పక్కన ఒక్క గీత మాత్రం ఖాళీగా ఉంది.

ఫోను మోగింది. బాబాయి.

"ఏమ్మా, వచ్చాడా? ముందే చెబుదామంటే నీ ఫోను కలిసి చావలేదు. రెండు బస్సులు మారి వచ్చుంటాడు పాపం. ఒక కన్ను ఇప్పటికే పోయింది, రెండోది ఎన్నాళ్లుంటుందో తెలీదు. చూపు ఉండగానే మొత్తం చదివిపెడతానన్నాడు. ఆయనకు ఫోను కూడా లేదు, నువ్వే జాగ్రత్తగా చూసుకో. బాగా అభిమానం గల మనిషి. ఒక్క మాట పడితే మళ్లీ ఆ గడప తొక్కడు. వింటున్నావా?"

ఫోను చేతిలో ఉండగానే ఆమె వీధిలోకి పరుగెత్తింది. ఆ చివరా ఎవరూ లేరు, ఈ చివరా ఎవరూ లేరు.

తను లేని ఇల్లు నాన్నకు ఏమయ్యేదో చెప్పే ఆ ఒక్క మాట, ఆ రాత చదవగలిగిన ఒకే ఒక్క ప్రెస్సు మిత్రుడితో పాటు వీధి మలుపు దాటి వెళ్లిపోయింది.