ఖాళీ గడి

ఇమ్మానుయేలు తన మరణవార్తను తన ఫోన్‌లోనే చదువుకుంటుండగా పక్కింటి సంజయ్ ల్యాప్‌టాప్‌తో పరిగెత్తుకొచ్చాడు. చర్చి సభ్యులకు సందేశాలు పంపే ప్రోగ్రాం రాసింది అతనే.

"తప్పు నాదే మావా. నిన్న నీ పేరు ఎక్కించాను గానీ 'బతికున్నారా' అన్న గడి నింపడం మర్సిపోయాను. ఈ ప్రోగ్రాం రాసిన గో అనే కంప్యూటర్ భాషలో మనమేటీ సెప్పకపోతే, అది లేదనే అనుకుంటాది. అందుకే నువ్వు పోయావని అందరికీ కబురు పంపేసినాది."

ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది. ఆరేళ్లుగా మాటల్లేని అక్క ప్రిస్కిల్లా ఏడుస్తూ వచ్చి, తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే కూలబడింది.

"బతికే ఉన్నావేటిరా?"

"ఉన్నానప్పా."

"మరి ఇన్నేళ్లూ పలకనేదేటి?"

"నువ్వు పలకనేదు. కోపం పోనేదనుకున్నాను."

"నానూ అదే అనుకున్నాన్రా."

ఆమె కళ్లు తుడుచుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "పాతపట్నంలో పెద్దన్న కూడా బస్సెక్కీసినాడు. దారంతా ఏడుపేనంట."

సంజయ్ కంగారుగా ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఇప్పుడే సరిసేసి అందరికీ పంపేస్తాను మావా."

ఇమ్మానుయేలు మెల్లగా ల్యాప్‌టాప్ మూసేశాడు.

"ఓ గంట ఆగరా. అన్నతో మాటల్లేక పదేళ్లయ్యింది."